గోల్‌కీపర్‌కు బుద్ధి నేర్పండి

ఫోన్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఆడేవాళ్లందరికీ ఈ కోపం తెలుసు. మెల్లగా వచ్చిన బంతిని గోల్‌కీపర్ వదిలేస్తాడు. మరుక్షణమే ఎవరూ ఆపలేని బంతిని ఎగిరి పట్టేస్తాడు. "హార్డ్ లెవెల్ పెట్టుకో, సరిపోతుంది" అంటారు మా స్నేహితులు. నేను ఒప్పుకోను. అప్పుడు కీపర్ చేతులు వేగంగా కదులుతాయే గానీ బుద్ధి పెరగదు.

లెక్క చూడండి. పెనాల్టీ చుక్క నుంచి గోల్‌కు 11 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి సుమారు 0.4 సెకనులో వచ్చేస్తుంది. గోల్ వెడల్పేమో 7.32 మీటర్లు. చూసి దూకుదాం అనుకునేలోపే బంతి వలలో ఉంటుంది. అందుకే నిజమైన కీపర్ చేతులకన్నా ముందు తల వాడతాడు. ఒంటరిగా దూసుకొచ్చేవాడికి ఎదురెళ్లి సందు తగ్గిస్తాడు. పట్టలేని బంతిని పక్కకు నెడతాడు, అవతలివాడి కాళ్ల ముందు వేయడు.

గేమ్‌లో కీపర్‌కు నేర్పాల్సింది ఇదే. తప్పులూ చేయనివ్వండి, కానీ కారణం కనిపించాలి. ముందు మనుషులు అడ్డున్నారనో, వానకు బంతి జారిందనో మనకు తెలియాలి.

"గోల్స్ తగ్గితే ఆట చప్పగా ఉంటుంది" అంటారు. మరి 1963లో బాలన్ డి ఓర్ బహుమతి అందుకున్న లెవ్ యాషిన్ గోల్‌కీపరే కదా! కీపర్ తెలివిగా ఆపితేనే గోల్ కొట్టినవాడికీ విలువ.

మనం కూడా గ్రౌండులో ఆట సరిగా రానివాణ్ణే గోల్‌లో నిలబెడతాం. ఓడిపోతే వాణ్ణే తిడతాం. గేమ్ తయారుచేసేవాళ్లను అడిగే ముందు మనమూ ఆ అలవాటు మానాలి.