చప్పుడు చేయని కర్ర

వాద్యబృందంలో కండక్టరొక్కడే ఏ వాద్యమూ వాయించడు. అతని చేతికర్ర చప్పుడు చేయదు. ఇతరులచేత వాయింపజేయడమే అతని పని. 1975లో వెనిజులా రాజధాని కరాకస్‌లో హోసే ఆంటోనియో అబ్రేయు 11 మంది పిల్లలతో సాధన మొదలుపెట్టారు. అదే పేద పిల్లలెందరికో సంగీతం నేర్పే ఉద్యమమైంది. అందులోనే వయొలిన్ నేర్చిన 18 ఏళ్ల గుస్తావో డుడామెల్‌కు 1999లో యువ వాద్యబృందాన్ని నడిపించే బాధ్యత అప్పగించారు. 2018లో అబ్రేయు కన్నుమూసినా ఆ సంగీతం ఆగలేదు.

మరి మన సంఘాల్లో? యువకులను పాడమంటాం, చాపలు పరవమంటాం. నడిపించే కర్ర మాత్రం మన చేతిలోనే ఉంచుకుంటాం. పిల్లలు గుడికి రావడం లేదని ఆనక వాపోతాం. పౌలైతే సంఘ బాధ్యతను యౌవనుడైన తిమోతికి అప్పగించాడు. అపస్వరం పలుకుతుందేమోనన్న భయం మానుదాం. పక్కన నిలబడి దిద్దే ఓపిక మనకున్నప్పుడే ఆ కర్ర వారికి అందిద్దాం.