స్పీడ్ గన్‌కు ముందు ఒక బోర్డు

కారులో రాడార్ డిటెక్టర్ పెట్టించుకోవాలని ఉంది, ఏది మంచిది అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో అది దిగుతోంది. ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. కార్ డెకార్ షాపుకు తీసుకెళ్తే బిగించి ఇస్తున్నారు. నా జవాబు ఒక్కటే: కొనకండి. మన రోడ్ల మీద అది అక్కరకు రాదు. అయితే అంతటితో ఊరుకుంటే అడిగినవాళ్లకు సగం జవాబే చెప్పినట్టు. ఏ చెట్టు కింద గన్ పెట్టారో తెలియదు, ఆ రోడ్డు మీద ఎంత వేగం వరకు పోవచ్చో తెలియదు, సాయంత్రానికి ఫోన్లో చలాన్ మెసేజ్ మాత్రం వచ్చి కూర్చుంటుంది. ఆ ఉక్రోషంలోంచే డిటెక్టర్ మీద ఆశ పుడుతోంది. ఆ ఉక్రోషంలో న్యాయం ఉంది. దానికి మందు కూడా చట్టంలో రాసిపెట్టే ఉంది.

ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం. మౌలాలి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఆగకుండా పోయే గూడ్సు బండి హారన్ వినండి. మన వైపు వస్తున్నంతసేపూ కీచుగా ఉంటుంది. ఇంజన్ మనల్ని దాటగానే స్వరం దిగిపోతుంది. ఈ మార్పును 1842లో లెక్కగట్టి చెప్పినవాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్. మూడేళ్ల తర్వాత హాలండ్‌లో బైస్ బాలట్ రైలు మీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవాళ్లను నిలబెట్టి దాన్ని రుజువు చేశాడు. రాడార్ గన్ చేసే పని అదే. శబ్దం బదులు రేడియో తరంగాన్ని వాడుతుంది, అంతే. 24.15 గిగాహెర్ట్జ్ తరంగాన్ని ఎదురుగా 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు మీదికి వదిలితే, తగిలి వెనక్కి వచ్చేసరికి దాని ఫ్రీక్వెన్సీ సుమారు నాలుగున్నర వేల హెర్ట్జ్ పెరిగి ఉంటుంది. ఆ తేడాలోంచి వేగం తేలుతుంది.

డిటెక్టర్ దీన్ని వినే రేడియో. గన్ పంపిన తరంగం కారు దాకా వెళ్లి, మళ్లీ గన్ దాకా రావాలి. డిటెక్టర్‌కు ఆ తరంగం కారు దాకా వస్తే చాలు. పైగా ఆ తరంగం ముందు పోయే లారీలకు, వంతెనలకు తగిలి చెదిరి చాలా దూరం వస్తుంది. అందువల్ల గన్ మన వేగాన్ని పట్టుకోకముందే మనకు దాని ఉనికి తెలిసిపోతుంది. 1978లో అమెరికాలో సిన్సినాటి మైక్రోవేవ్ కంపెనీ ‘ఎస్కార్ట్’ పేరుతో తెచ్చిన డిటెక్టర్ ఈ కిటుకుతోనే పేరు తెచ్చుకుంది.

ఈ విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు. శత్రువు రాడార్ మన మీద పడుతోందని ముందుగా పసిగట్టడం ఎలక్ట్రానిక్ యుద్ధవిద్యలో తొలి పాఠం. చాంద్రాయణగుట్ట దగ్గర 1961లో పెట్టిన రక్షణ పరిశోధనశాల డీఎల్ఆర్ఎల్ చేసే పని అదే. సైన్యం కోసం ‘సంయుక్త’ వ్యవస్థను తయారు చేసినప్పుడు దాంతోపాటు పనిచేసిన సంస్థల్లో, మౌలాలి దాటితే వచ్చే మన ఈసీఐఎల్ ఒకటి. ఉస్మానియా క్యాంపస్‌లో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్‌కు ప్రత్యేకంగా ఒక పరిశోధన, శిక్షణ కేంద్రమే ఉంది. తార్నాక నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాకా ఉన్న కాలనీల్లో తరంగాల గురించి జీవితమంతా పనిచేసి రిటైరైన ఇంజినీర్లు ఉన్నారు. వాళ్లలో ఎవరిని కదిపినా చెప్పే మాట ఒకటే. మన ట్రాఫిక్ పోలీసుల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా లేజర్ గన్‌లు, రేడియో గన్‌లు కావు.

తేడా అంతా అక్కడే ఉంది. లేజర్ గన్ కంటికి కనిపించని పరారుణ కాంతిని చిన్న చిన్న తునకలుగా పంపి, ప్రతి తునక వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి కారు ఎంత దగ్గరికి జరిగిందో కొలుస్తుంది. కిరణం 300 మీటర్ల దూరంలో కూడా ఇంచుమించు మీటరు వెడల్పే ఉంటుంది. పోలీసు దాన్ని నంబర్ ప్లేటు మీదికి గురిపెట్టి మీట నొక్కితే అర సెకను లోపలే వేగం, ఫొటో రెండూ పడిపోతాయి. డిటెక్టర్‌కు కూడా అప్పుడే తెలుస్తుంది. అంటే అది మోగేసరికి పని అయిపోయింది.

డాలస్‌లో ఉండే మా అన్న కొడుకు సెలవులకు వచ్చినప్పుడు ఒకటి తెచ్చి నా కారుకు పెట్టించాడు. టెక్సాస్‌లో అది మామూలు కార్లకు తప్పు కాదు. వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో నిషేధం. అమెరికా అంతటా పెద్ద లారీల్లో అసలే పెట్టకూడదు. లాలాపేట దారిలో ఒక డెకార్ షాపులో బిగించారు. పని చేసిన కుర్రాడు ఓపికమంతుడు. వైపర్ తుడిచే భాగంలోనే, లోపలి అద్దం కింద, రోడ్డు నేరుగా కనిపించేలా పెట్టాడు. ముందు అద్దం పైభాగాన ముదురు పట్టీ ఉన్నచోట, లోహం కలిసిన ఫిల్మ్ అంటించిన చోట పెడితే సిగ్నల్ లోపలికి సరిగా రాదు. ఫాస్టాగ్‌కు కాస్త ఎడం వదిలాడు. లైటర్ సాకెట్‌లో పెట్టే ప్లగ్ గతుకులకు వదులైపోయి డిటెక్టర్ మాటిమాటికీ ఆరిపోతుందని, వైరును పైకప్పు అంచులోంచి తెచ్చి ఫ్యూజ్ బాక్స్‌లో ఇగ్నిషన్‌తో వచ్చే లైనుకు చిన్న ఫ్యూజ్ వేసి కలిపాడు. నేరుగా బ్యాటరీకి కలిపితే కారు ఆపినా అది మేలుకునే ఉండి చార్జింగ్ లాగేస్తుందట. అంతా అయ్యాక పానా పక్కన పెట్టి, “మోగుతది సార్. కానీ ఎందుకు మోగుతదో మాత్రం మీకు తెల్వదు,” అన్నాడు.

అతను చెప్పినట్టే అయింది. తార్నాక చౌరస్తా దాటుతుంటే మోగింది. అక్కడ గన్ లేదు, షోరూముల ఆటోమేటిక్ తలుపులు ఉన్నాయి. ఆ తలుపుల సెన్సర్లదీ 24 గిగాహెర్ట్జే. పక్కన కొత్త కారు వస్తే మోగింది. పక్క వాహనాన్ని గమనించే రాడార్లు కొన్ని కార్లలో అదే ఫ్రీక్వెన్సీలో ఉంటాయి. మా వాడు సిటీ మోడ్‌లో పెట్టి, ఒక బ్యాండ్ ఆపేసి, సెన్సిటివిటీ తగ్గించాడు. గోల తగ్గింది, దాంతోపాటు వినికిడీ తగ్గింది. అందులోని జీపీఎస్ కెమెరాల పట్టికలో మన ఊరి కెమెరాలే లేవు. ఊరు దాటాక ఒకచోట రోడ్డు వార ట్రైపాడ్ మీద గన్ కనిపించింది. మా ముందున్న కారును కొలుస్తున్నంతసేపూ మా డిటెక్టర్ నోరు మెదపలేదు. కిరణం మా మీదికి తిరిగినప్పుడు ఒక్కసారి అరిచింది. మేము పరిమితి లోపే ఉన్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ అరుపు ఎందుకూ పనికొచ్చేది కాదు. “బాబాయ్, దీన్ని మళ్లీ డాలస్ తీసుకెళ్లిపోతా,” అని వాడే ఊడదీశాడు.

ఇక్కడ ఆగకుండా జామర్ అడిగేవాళ్లు ఉన్నారు. సిగ్నళ్లను అడ్డుకునే పరికరాలు అనుమతి లేకుండా పెట్టుకోవడం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ స్పష్టంగా చెప్పింది. ఆ మాట మీద చర్చ అక్కర్లేదు.

అసలు డిటెక్టర్ ఇస్తానన్నది ఏమిటి? “ముందు వేగం కొలుస్తున్నారు, చూసుకో” అనే ఒక్క కబురు. విజయవాడ హైవే మీద ఎదురొచ్చే లారీ డ్రైవరు లైట్లు కొట్టి ఆ కబురు ఊరికే ఇస్తాడు. 2019 నుంచి గూగుల్ మ్యాప్స్ మన దేశంలో కూడా కెమెరాల దగ్గర హెచ్చరిస్తోంది. ఈ కబురు ఇవ్వాల్సిన బాధ్యత అసలు ఎవరిదో 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన 167ఏ చెబుతుంది. స్పీడ్ గన్, కెమెరా వంటి పరికరాలతో నిఘా పెట్టే ప్రతి చోటుకూ ముందు కొట్టొచ్చినట్టు కనిపించే హెచ్చరిక బోర్డు పెట్టాలి, పెట్టించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. పరికరం సరిగా పనిచేస్తోందని ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. దీనికి తోడు 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన తూనికలు కొలతల నిబంధనల ప్రకారం వేగం కొలిచే రాడార్ పరికరాలను తనిఖీ చేసి ముద్ర వేయించడం తప్పనిసరి. కూరగాయల బండి మీది తక్కెడకు ఉన్న నియమమే రాడార్ గన్‌కూ వచ్చిందన్నమాట. ఎన్నో ఏళ్ల ముందే రావాల్సింది.

ఇప్పుడు మన దారి చూడండి. నగరంలో కార్లకు డివైడర్ ఉన్న రోడ్డు మీద 60, లేనిచోట 50. బైకులకు, ఆటోలకు, బస్సులకు 50, 40. కాలనీల్లో అందరికీ 30. తార్నాక నుంచి లాలాపేట మీదుగా మౌలాలి కమాన్ దాకా రోజూ బండి నడిపేవాళ్లను అడిగి చూశాను. ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పారు, కొందరు అసలు పరిమితే లేదన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఉన్న బోర్డులు కొన్ని వేపకొమ్మల చాటున ఉన్నాయి, కొన్ని ఫ్లెక్సీల వెనక ఉన్నాయి. డివైడర్ ఎక్కడ ఆగిపోతే పరిమితి అక్కడ మారుతుందని చెప్పే అంకె ఒక్కటీ నాకు కనపడలేదు.

బోర్డు పెడితే అక్కడ మాత్రమే నెమ్మదించి తర్వాత మళ్లీ తొక్కుతారు కదా అని పోలీసు మిత్రులు అంటారు. నిజమే, కొందరు అలా చేస్తారు. అయితే గన్ పెట్టాల్సింది ప్రమాదాలు జరిగే చోట. అక్కడ బండి నెమ్మదిస్తే మనకు కావలసింది జరిగినట్టే. దాచిపెట్టిన గన్ దొరికినవాళ్ల సంఖ్యను పెంచుతుంది, కనిపించే గన్ వేగాన్ని తగ్గిస్తుంది. వెయ్యి రూపాయల జరిమానా, పైన 35 రూపాయల చార్జీతో వచ్చే మెసేజ్, అప్పటికే ఎక్కడో కొట్టిన వేగాన్ని తగ్గించలేదు. పేరుకుపోయిన చలాన్ల మీద 2022లో, మళ్లీ 2023 డిసెంబరులో ప్రభుత్వం పెద్ద పెద్ద రాయితీలు ఇచ్చింది. దాంతో చలాన్ అంటే రోడ్డు భద్రత అనే ఆలోచన పోయి, ఆగితే తగ్గే బాకీ అనే అభిప్రాయం జనంలో స్థిరపడింది. ఇది బాగుపడటానికి చాలా కాలం పడుతుంది.

ఇంత చెప్పింది వేగాన్ని వెనకేసుకురావడానికి కాదు. ఒక చిన్న లెక్క చూడండి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కనే వస్తున్నాయి, ఒకటి 60లో, ఇంకొకటి 80లో. ఒక విద్యార్థి రోడ్డు దాటుతున్నాడు. ఇద్దరు డ్రైవర్లూ ఒక్క సెకనులోనే తేరుకుని గట్టిగా బ్రేకు వేశారు. మంచి టైర్లు, పొడి రోడ్డు. మొదటి కారు దాదాపు 37 మీటర్లలో ఆగిపోతుంది. సరిగ్గా అదే చోట రెండో కారు ఇంకా 60 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. డ్రైవరుకు అది ఇరవై తేడా. రోడ్డు మీది పిల్లవాడికి మాత్రం, 60లో వచ్చే కారు అసలు బ్రేకు వేయకుండా గుద్దినట్టే. కారు 50లో కాక 65లో గుద్దితే పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి డెబ్భై మందికి పైగా అతివేగం వల్లే పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. 2019 నవంబరులో గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీది నుంచి ఒక కారు కింద పడి, కింద రోడ్డు మీద ఉన్న మహిళ ప్రాణం తీసింది. ఫ్లైఓవర్ తెరిచి మూడు వారాలు కూడా కాలేదు. ఆ తర్వాతే అక్కడ 40 పరిమితి, కెమెరాలు గట్టిగా అమలయ్యాయి. ఒక మనిషి పోయాక చూపిన పట్టుదలను ముందే చూపి ఉండాల్సిందని నగరమంతా అనుకుంది. మౌలాలి పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి రోడ్డు దాటే ఆడవాళ్లను, క్యాంపస్‌లో పొద్దున్నే నడిచే పెద్దవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

గన్ తప్పు చూపించిందని వాదించేవాళ్లకు ఒక మాట. పక్కవాటు నుంచి కొలిస్తే గన్ అసలు వేగం కన్నా తక్కువే చూపిస్తుంది, పది డిగ్రీల కోణానికి ఒకటిన్నర శాతం తక్కువ. కాబట్టి పక్క నుంచి తీశారు కనుక ఎక్కువ పడింది అన్న వాదన నిలవదు. ఆ గన్‌కు ఆ ఏడాది ఆమోద పత్రం ఉందా అన్న ప్రశ్న మాత్రం నిలుస్తుంది. ఆ పత్రం నంబరు, తేదీ ప్రతి చలాన్ మీదా పెద్ద అక్షరాల్లో అచ్చువేయాలి. అడిగించుకోకుండా చెప్పే పోలీసును జనం నమ్ముతారు.

డిటెక్టర్ కోసం పక్కన పెట్టిన డబ్బు ఉంటే అరిగిన టైర్లు మార్పించండి, బ్రేకులు చూపించండి. చలాన్ వస్తే కట్టే ముందు ఫొటో, చోటు, తేదీ, అక్కడి పరిమితి సరిచూసుకోండి. మీ తప్పైతే వెంటనే కట్టేయండి, రాయితీ కోసం ఆగకండి. మీరు రోజూ వెళ్లే దారిలో గన్ ఉండి దానికి ముందు బోర్డు లేకపోతే, ఉన్న బోర్డును కొమ్మలు కప్పేస్తే, ఫొటో తీసి, 167ఏ నిబంధనను పేర్కొని, మీ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కూ మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకూ ఉత్తరం రాయండి. తార్నాక, మౌలాలి దారి గురించి నేను ఈ వారమే రాస్తున్నాను. మీరూ రాయండి.