మన వసంతం మాఘంలోనే

తెలుగు పాఠ్యపుస్తకాలలో వసంత ఋతువు చైత్రమాసంతో ఆరంభమవుతుంది. తెలుగునేల మీద మాత్రం అది మాఘమాసంలోనే, వీధుల్లో చలిమంటలు ఇంకా ఆరకముందే అడుగుపెడుతుంది. నడుమనున్న ఈ ఎడాన్ని పెద్దలు పట్టించుకోరు, కనుక పిల్లలకూ పట్టదు. ముప్పై ఏండ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడిని. ఆ చనువుతో ఒక మాట గట్టిగా చెప్పదలచాను: పిల్లలకు వసంతాన్ని ముందు చెట్టు మీద చూపాలి, పట్టిక ఆ తరువాత నేర్పాలి. అలా చూపడానికి ఉగాది దాకా ఆగితే ఆలస్యమైనట్లే, శ్రీపంచమికే మొదలుపెట్టాలి.

"మాఘంలో వసంతమేమిటండీ, మాఘ ఫాల్గుణాలు శిశిరం కదా!" అని పండిత మిత్రులు వెంటనే అడుగుతారు. శిశిరమే, సందేహం లేదు. మాఘమాసపు చలి మంటలో పడ్డా తీరదని సామెత ఉండనే ఉంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున మా కృష్ణా డెల్టా పల్లెలలో పొలం గట్టున నిలిస్తే పది బారల దూరంలోని మనిషి కనిపించడు. వరి కోసిన మాగాణిలో పరచుకొన్న మినుము ఆకుల మీద మంచు బొట్లు బొట్లుగా నిలిచి ఉంటుంది. చలి తన గడువు ఇంకా తీరలేదని పట్టుబట్టి కూర్చొన్న రోజులవి. అయితే పొద్దెక్కి మంచు విచ్చిన తరువాత తల పైకెత్తి చూచేవారికి చెట్లు వేరొక సంగతి చెబుతాయి.

మొదట చెప్పవలసింది మామిడి. పుష్యం చివరనే కొమ్మల కొసలు ఉబ్బుతాయి. మాఘం వచ్చేసరికి లేత పసుపూ లేత ఎరుపూ కలిసిన పూత గుత్తులు గుత్తులుగా దిగుతుంది. తోట ఇంకా కనుచూపులోకి రాకముందే వాసన ఎదురు వస్తుంది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. మామిడికి పూత పట్టించేది వేడి కాదు, చలి! వానలు వెనుకబట్టి నేల ఆరి, రాత్రులు చల్లబడి, పగలు ఎండ కాస్తే ముదిరిన కొమ్మ పువ్వు వేస్తుంది. చలి సరిగా పడని ఏడు పూత ఆలస్యమవుతుంది. పూయవలసిన కొమ్మ చిగురు తొడిగి ఊరుకొనడమూ ఉంది. శిశిరాన్ని వసంతానికి శత్రువుగా వర్ణించడం కవులకు అలవాటు గాని, తోట కాచేవాని లెక్కలో శిశిరం వసంతానికి కన్నతల్లి. ఆ తల్లి ఒక్కొక్కప్పుడు కఠినురాలూ అవుతుంది. పొగమంచు రోజుల తరబడి పట్టితే పూతకు బూడిద తెగులు సోకుతుంది, తేనెమంచు పురుగు పెచ్చు పెరుగుతుంది. ఒక్కొక్క గుత్తిలో వందలూ వేలూ పూలుంటే చివరకు నిలిచేవి ఒకటి రెండు కాయలు. అందుకే పిందె నిలబడేదాకా రైతు చూపు ఆకాశం మీదనే ఉంటుంది.

మామిడి వెనుకనే కొండబూరుగు. ఆకంతా రాల్చి ముళ్ళ మానుతో మోడులా నిలిచిన చెట్టుకు, ఒక్క చిగురైనా లేకుండానే, అరచేతి వెడల్పు ఎర్రని పూలు పూస్తాయి. వాటిలోని తేనె కోసం గోరింకలూ కాకులూ పొద్దున్నే అక్కడ సంత పెడతాయి. ఆ తరువాత వంతు మోదుగది. ఖమ్మం, నల్లగొండ, ఆదిలాబాదు వైపు మెట్ట చేలగట్ల మీదా, అడవి అంచుల్లోనూ ఫాల్గుణం నాటికి మోదుగ చెట్లు నిప్పు రాజుకొన్నట్లు కనిపిస్తాయి. సంస్కృతంలో దాని పేరు కింశుకము. "ఇది చిలుకయా ఏమి?" అని ఆ మాటకు అర్థం. వంకర తిరిగిన ఎర్రని పూరేకును చిలుకముక్కుతో పోల్చి పెట్టిన పేరది. ఆ పేరు పెట్టినవాడెవరో పువ్వుకు ఎదురుగా నిలిచి పెట్టాడు. నిఘంటువులు తరువాత వచ్చాయి.

ఇక ఇంటి ముందరి వేప. ఒకవైపు పండుటాకులు రాలుతూనే ఉంటాయి, మరొకవైపు రాగిరంగు చిగురు తొంగిచూస్తూ ఉంటుంది. ఆకురాలు కాలమూ చిగురుకాలమూ ఒకే కొమ్మ మీద కాపురం చేసే దృశ్యం చూడాలంటే ఫాల్గుణంలో వేపచెట్టు కిందికి పోవాలి. రావి సంగతీ అంతే. లేత రావి ఆకు మీద ఎండ పడితే తడి రాగిరేకులా తళతళలాడుతుంది.

కంటికి ఇంత కనిపిస్తుంటే చెవికి మాత్రం వినిపించదా! చలికాలంలో దాదాపు మౌనంగా ఉన్న కోకిల ఈ దినాలలోనే గొంతు సవరించుకొంటుంది. మొదటి కూతలు సగంలో తెగిపోతాయి, పైస్థాయికి అందవు. శివరాత్రి దాటిన తరువాతనే ఆ గొంతుకు నిండుదనం వస్తుంది. ఆ కూసేది మగపక్షి అనీ, ఆడకోకిల వేరుగా గోధుమవన్నె ఒంటి మీద తెల్లచుక్కలతో ఉంటుందనీ తెలిసిన పిల్లలు తరగతికి ఒకరిద్దరైనా ఉండరు. కోకిలకు తోడు కంసాలిపిట్ట ఒకటుంది. పిడికిట్లో పట్టేంత ఆకుపచ్చని పిట్ట, నుదుట ఎర్రని బొట్టు. ఎక్కడో కొమ్మ చివర కూర్చొని, రాగిచెంబు మీద చిన్న సుత్తితో కొట్టినట్లు, తాళం తప్పకుండా టుక్కు టుక్కుమంటూనే ఉంటుంది. మన కవులు కోకిల మీద వ్రాసినదానిలో నూరవ వంతు కూడా దీనికి దక్కలేదు.

ఇవన్నీ కొందరు ఏకాంతంగా చూచి మురిసిపోయే ముచ్చట్లని కొట్టివేయడానికి వీలు లేదు. మాఘంలోనే వసంతం మొదలవుతుందనడానికి తిరుగులేని సాక్ష్యం మన ఉగాది పచ్చడే. చైత్రశుద్ధ పాడ్యమినాడు పచ్చడిలోకి మామిడికాయ కావాలి. ఆనాటికి కాయ ఉన్నదంటే పూత రెండు మూడు నెలల క్రిందటే రావాలి గదా! వేపపువ్వు కావాలి, ఆ పువ్వు వచ్చేది ఫాల్గుణంలో తొడిగిన కొత్త చిగురుతో పాటు. కొత్త చింతపండు కావాలి; చెట్టు దులిపేది శివరాత్రికి అటూ ఇటూ. కొత్త బెల్లం కావాలి. చెరకు గానుగలు ఆడేది చలిరోజులలో. ఉగాది వసంతానికి తొలిరోజైతే ఈ సామగ్రి అంతా ఎక్కడినుంచి వచ్చినట్లు? చెట్టు లెక్కలో ఉగాది వసంతపు తొలిపంటను నోట వేసుకొనే పండుగ. వసంతం అప్పటికే పని సగం ముగించుకొని ఉంటుంది.

పండుగలను కూడా కాస్త పరికించి చూడండి. సరస్వతీపూజ చేసే మాఘశుద్ధ పంచమిని వసంతపంచమి అన్నారు. శిశిరం మొదట్లోనే వసంతం పేరు ఎందుకు పెట్టారు? ఆ తరువాత రెండు రోజులకు రథసప్తమి. జిల్లేడాకులు నెత్తిన పెట్టుకొని స్నానం చేసి, చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యునికి నివేదిస్తాం. ఫాల్గుణ పున్నమినాడు కామదహనం, వసంతోత్సవం. ఆనాటి రంగునీళ్ళకు మోదుగపూలు నానవేసే ఆచారమూ ఉంది. పండుగలు ఏర్పరచిన పెద్దలకు చెట్ల రాకపోకలు బాగా తెలుసు.

మరి చైత్ర వైశాఖాలు వసంతమని శాస్త్రాలలో ఎందుకున్నది? అది అసత్యమని నేననను. మన పంచాంగం నక్షత్రాలను ఆధారం చేసికొన్నది. ఋతువులు సూర్యుని ఉత్తర దక్షిణ గమనాన్ని బట్టి నడుస్తాయి. ఈ రెంటి మధ్య సుమారు 72 ఏండ్లకు ఒక రోజు చొప్పున తేడా పడుతుంది. సుమారు 1700 ఏండ్ల క్రిందట మకర సంక్రాంతీ నిజమైన ఉత్తరాయణారంభమూ ఒకే రోజున వచ్చేవి. నేడు సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. మనం సంక్రాంతి చేసికొనేది జనవరి 14, 15 తేదీలలో. అంటే చైత్రం నాటికంటే నేడు ఋతువులకు దాదాపు 24 రోజులు వెనుకబడి వస్తున్నది. పైగా సుశ్రుత సంహితలో చెప్పిన ఋతువిభజనలు రెండు. అందులో ఒకటి శిశిరాన్ని వదలి, ప్రావృట్టును చేర్చి, ఫాల్గుణ చైత్రాలనే వసంతమన్నది. వంగదేశీయులు నేటికీ ఫాల్గుణ చైత్రాలనే వసంతమంటారు. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం చేసిన సిఫారసుల మీద 1957 మార్చి 22న అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగంలోనూ వసంతం ఫాల్గుణ చైత్రాలదే. కనుక చైత్ర వైశాఖాలే వసంతమన్నది ఉన్న లెక్కలలో ఒక లెక్క మాత్రమే.

తెలుగుదేశపు ఎండకు ఆ లెక్క అసలే కుదరదు. మార్చి నడిమి నుంచి బడులు ఒంటిపూటకు మారేది ఎండ తాళలేకనే కదా! వడగాడ్పులు వీచే వైశాఖంలో, పుస్తకం తెరచి "ఇది వసంతము, మలయమారుతములు వీచును" అని చదివే పిల్లవాడు రెండింటిలో ఒకదానిని నమ్మడం మానేస్తాడు: తన ఒంటినైనా, పుస్తకాన్నైనా. చాలామంది పుస్తకాన్నే నమ్మడం మానేస్తారు. తెలుగు కవిత్వం పిల్లలకు దూరం కావడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. విశ్వనాథ సత్యనారాయణగారు ఋతువుల మీద వ్రాసిన కృతికి "తెలుగు ఋతువులు" అని పేరు పెట్టారు. ఈ నేల ఋతువులు ఈ నేలవే అని చెప్పడానికి ఆ పేరొక్కటి చాలు.

పంచాంగాన్ని మార్చమంటున్నానా? లేదు. వ్రతానికీ పెండ్లికీ తిథి కావాలి, అది అలాగే ఉండనీయండి. రైతు మాత్రం ఏనాడూ ఋతువు కోసం తిథి చూడలేదు. అధికమాసం వచ్చినప్పుడల్లా చాంద్రమాసాలు ముందు వెనుకలవుతాయి గనుక అతడు సూర్యునితో నడిచే కార్తెలను పట్టుకొన్నాడు. ధనిష్ఠ, శతభిష కార్తెలు ఏటేటా ఫిబ్రవరి నెలలోనే వస్తాయి, మామిడి పూతకు తోడుగా. ఆ పల్లెజ్ఞానాన్ని పాఠంలో చేర్చమంటున్నాను, అంతే.

చేర్చకపోతే పోయేది ఏమిటి? మొదట మాటలు పోతాయి. ఇగురు, చివురు, మారాకు, పూత, పిందె, కసుగాయ, టెంకకట్టిన కాయ, దోరకాయ: ఒక్క చెట్టు బ్రతుకులోని దశలకు మనకున్న పేర్లివి. వస్తువును చూడనివానికి పేరు నిలువదు. రెండవది ఇంతకంటె పెద్దది. కాలం మారుతున్నదనీ, చలి తగ్గుతున్నదనీ, పూత అదును తప్పుతున్నదనీ అందరమూ అంటున్నాం. నిరుడు మన ఊరి మామిడి ఏ వారంలో పూచిందని అడిగితే మనలో ఎందరు చెప్పగలరు? జపానులోని క్యోటో నగరంలో చెర్రీపూలు విరిసిన తేదీలు తొమ్మిదవ శతాబ్దం నుంచి దొరుకుతున్నాయి. అందుకే 2021లో మార్చి 26 నాటికే పూత నిండుకు వచ్చినప్పుడు, పన్నెండు వందల ఏండ్లలో ఇంత ముందుగా ఎన్నడూ లేదని వారు లెక్క చూపగలిగారు. ప్రబంధాలలో అన్ని వసంత వర్ణనలున్న జాతికి ఒక్క పూత తేదీ వ్రాసిపెట్టుకొనే అలవాటు లేకపోవడం చింతించవలసిన విషయం.

కనుక ఉపాధ్యాయ మిత్రులకూ, చదువరులకూ నా విన్నపం ఇది. రాబోయే శ్రీపంచమికి మీ బడి ఆవరణలోనో, మీ వీధిలోనో ఒక్క చెట్టును ఎంచుకోండి. మొదటి పూత, మొదటి చిగురు, మొదటి కోకిల కూత, మొదటి పిందె: ఈ నాలుగింటి తేదీలు నోటుపుస్తకంలో గాని, మీ బ్లాగులో గాని వ్రాయండి. పిల్లలచేత వ్రాయిస్తే మరీ మంచిది. ఖర్చు లేదు, పరీక్ష లేదు. పదేండ్లు నిలిస్తే అది మన ఊరి ఋతుచరిత్ర అవుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది పోయేలోపుగానే ఒకసారి తల పైకెత్తి చూడండి.

స్వస్తి.