కమాండు లైనులో దినచర్య

చేయవలసిన పనులను వ్రాసికొనుట మంచి యలవాటని యందఱు నెఱుగుదురు. అందుకు రైడర్ కారల్ అను రూపకర్త 2013వ సంవత్సరమున 'బుల్లెట్ జర్నల్' అను పద్ధతిని లోకమునకు దెలిపెను. చేయవలసిన పనికి చుక్క, ముగిసినదానికి ఇంటు గుర్తు, ముందునకు సాగినదానికి బాణపు మొన. మాసాంతమున మిగిలిన పనులను క్రొత్త పుటకు చేతితో నెక్కింపవలెను.

కొందఱు దీనిని కాగితముపై గాక కంప్యూటరు కమాండు లైనునందు, అనగా టైపు చేసిన యాజ్ఞలకే బదులు చెప్పు తెరపై, నడుపుచున్నారు. 'ఎకో' అను నాజ్ఞతో వాక్యము వ్రాసి, రెండు బాణపు మొనలుంచి ఫైలు పేరు చేర్చినచో నది ఫైలు చివర చేరును. ఒక్క మొనయే యుంచినచో సాధారణముగా పాత వ్రాత యంతయు నశించును, జాగరూకత వలయును. 'గ్రెప్' అను నాజ్ఞ యేండ్లనాటి పంక్తిని సైతము క్షణములో వెదకి యిచ్చును. ఇవి మెచ్చదగిన సౌకర్యములే.

అయినను ఒక్క పని యంత్రమున కప్పగింపరాదని నా యభిప్రాయము. మిగిలిన పనులన్నిటిని ఒక్క యాజ్ఞతో ముందు నెలకు మార్చుట సులభము. కాని తిరిగి వ్రాయు శ్రమయే 'ఈ పని నిజముగా నవసరమా?' యని మనల నడుగును. శ్రమ పోయినచో నా ప్రశ్నయు బోవును. చేయని పనుల మూట నెలనెలకు బరువెక్కును.

కావున విద్యార్థులారా, వెదకుట యంత్రమునకు విడువుడు. మిగిలిన పంక్తులను మాత్ర మొక్కొక్కటిగా మీ వ్రేళ్లతోనే మరల వ్రాయుడు. తిరిగి వ్రాయుటకైనను తగదని తోచిన పనిని కొట్టివేయుటకు జంకకుడు.