విందులకు నిధులున్నాయి, మైదానానికి లేవా?

"ఆటలు అన్నం పెడతాయా?" అనే ప్రశ్న మన కుటుంబాలలో నేటికీ పెద్దల నోట వినవస్తూనే ఉంది. మంథని వంటి చిన్న పట్టణాలలో ఈ మాట వింటూ పెరిగిన కుర్రవాడు సాయంకాలం సెల్‌ఫోన్ పట్టుకొని అరుగు మీద కూర్చుంటాడు. అప్పుడు ఆ పెద్దలే "యువత చెడిపోయింది" అని వాపోతారు. మైదానం చూపని వారికి ఆ నింద మోపే హక్కు ఎక్కడిదని మేము అడుగుతున్నాము.

1891లో కలకత్తా ముస్లింలు స్థాపించుకున్న మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ ఫుట్‌బాల్‌తో పేరు పొందినా, క్రికెట్, హాకీలను కూడా పోషించిన క్రీడాసంస్థ. కలకత్తా లీగు అప్పట్లో ఆంగ్లేయ పటాలాలకు, దొరల క్లబ్బులకు సొత్తుగా ఉండేది. 1934లో దానిని గెలిచిన తొలి భారతీయ జట్టు ఇదే. 1938 వరకు వరుసగా అయిదేళ్లు విజేతగా నిలిచింది. 1940లో డ్యూరాండ్ కప్పు అందుకున్న తొలి భారతీయ జట్టు కూడా ఇదే. హైదరాబాదు బిడ్డలు సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ ఆ క్లబ్ తరఫున ఆడినవారే.

హైదరాబాదుకూ తనదైన ఘనత ఉంది. బడిపంతులుగా జీవితం ఆరంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది.

ఆ వైభవం ఏమైంది? పోలీసు జట్టు ఒక శాఖ నీడలో పెరిగింది; నీడ పలచబడగానే వాడిపోయింది. సభ్యుల సొంత సంస్థగా పుట్టిన కలకత్తా క్లబ్ మాత్రం 1981 తరువాత నలభై ఏళ్లు ఎదురుచూసి, 2021లో మళ్లీ లీగు గెలిచింది. అది నిర్దోషి అని మేము అనము. 2024–25లో తొలిసారి ఐఎస్ఎల్‌లో ఆడి, జీతాల బకాయిలతో నలిగి, పట్టికలో అట్టడుగున మిగిలింది. పేరెంత పాతదైనా లెక్కలు సరిగా లేని సంస్థ నిలవదని దీని పాఠం.

"ముస్లింలు క్లబ్ పెడితే మతతత్వమంటారు" అని జంకేవారున్నారు. నేడు మొహమ్మడన్ జట్టులో అన్ని మతాలవారూ ఆడుతున్నారు. రహీం తీర్చిదిద్దిన మేటి ఆటగాళ్లలో సికింద్రాబాదు తులసీదాస్ బలరాం ఒకరు. పునాది మనది, తలుపులు అందరివి. ఇందులో దాచవలసినదేమీ లేదు.

"ఆడపిల్లలకు ఆటలేమిటి?" అనేవారికి ఒకే మాట. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆయన కాదనని దానిని కాదనడానికి మనమెవరం?

ఏడుగురు పెద్దమనుషులు కలిస్తే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంస్థ నమోదవుతుంది. నియమావళి, సభ్యత్వ రిజిస్టరు, ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిటు చేసిన జమాఖర్చులు ఉంటే చాలు. అర్జీ మీద పది సంతకాలు చేసే గుంపును అధికారి రేపు రమ్మంటాడు. నమోదైన సంస్థ ఇచ్చే వినతికి ఫైలు తెరవక తప్పదు.

ఒక్కో పెళ్లి విందులో వృథా అయ్యే బిర్యానీ ఖర్చుతో ఒక జట్టుకు బంతులు, బూట్లు వస్తాయి. అయితే మన చందాలు చూపి ప్రభుత్వం తప్పించుకోరాదు. స్థలం ఇవ్వడం దాని బాధ్యత. ప్రతి మైనారిటీ గురుకులానికి ఆటస్థలం, వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండాలి. ప్రతి పట్టణంలో ఆక్రమణలు లేని మైదానం ఉండాలి. ఇది మేము అడిగే భిక్ష కాదు, పౌరులుగా మా హక్కు.

మంథని జమాత్ పెద్దలారా, వచ్చే శుక్రవారం నమాజు తరువాత ఏడు పేర్లు రాయండి. ఎనిమిదో పేరు ఏ మతస్థునిదైనా సరే, ఆహ్వానించండి.