లిమిట్ అయిపోయిందన్న మాట



అబ్బాయో అమ్మాయో విదేశంలో ఉన్న కుటుంబం ఇప్పుడు ప్రతి సంఘంలోనూ ఒకటి రెండైనా ఉంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళివచ్చిన పెద్దలు అక్కడి రోడ్ల గురించీ, మంచు గురించీ ఎన్నో చెబుతారు. డబ్బు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ నెల ఈ పేజీలో ఆ సంగతే రాద్దామనుకున్నాము. పైకి చూస్తే ఇది బండిలో పెట్రోలు పోయించుకున్న కథే. కానీ ఆ ఒక్క రాత్రి మేమిద్దరమూ పడిన బాధ అంతా ఇంతా కాదు.

2022 జులైలో మేము అమెరికాలో డెన్వర్ దగ్గర మా పెద్దబ్బాయి ఇంట్లో ఉన్నాము. ఎల్లోస్టోన్ పార్కు చూపిస్తానని వాడు వారం రోజులకు ఒక మోటార్ హోమ్ అద్దెకు తీసుకున్నాడు. అంటే చక్రాల మీద ఇల్లు. అందులోనే పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉంటాయి. డ్రైవరు సీటు పైన అటక లాంటి పడక ఒకటి ఉంది. దాని కోసం మా మనవరాలు మొదటి నిమిషంలోనే పేచీ పెట్టింది. దాదాపు బస్సంత బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపనిస్తారని విని మాకు కాస్త భయం కూడా వేసింది.

ఇల్లు బస్సంత ఉంటే దాని దాహం కూడా అంతే కదా. ఆ బండి ట్యాంకులో 55 గాలన్లు, అంటే 208 లీటర్లు పడుతుంది. గాలనుకు తొమ్మిది మైళ్ళు వస్తే గొప్ప. మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్ల లోపే. పైగా ఆ ఏడాది జూన్‌లో అమెరికాలో పెట్రోలు ధర దేశం మొత్తం మీద సగటున గాలను 5 డాలర్లు దాటింది. అంతకు ముందు ఎన్నడూ అలా దాటలేదట. మేము బయలుదేరేనాటికి కొద్దిగా దిగింది, అంతే.

తెల్లవారుజామున బయలుదేరి వ్యోమింగ్ రాష్ట్రంలోకి వెళ్ళాము. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంత విస్తీర్ణమో దానికి కొంచెం తక్కువ, జనం మాత్రం ఆరు లక్షల లోపు. గంటల తరబడి గడ్డి మైదానాలు, అక్కడక్కడ ఆవుల మందలు, మధ్యలో ఊరన్నదే లేదు. కాస్పర్ పట్నం దాటి మరో వంద మైళ్ళు పోయాక ఒక చిన్న ఊరు వచ్చింది. అక్కడ బంకు దగ్గర అబ్బాయి బండి ఆపాడు.

అక్కడి బంకుల్లో మన దగ్గరలాగా కుర్రవాళ్ళు వచ్చి పోయరు. న్యూజెర్సీ రాష్ట్రంలో తప్ప ఎవరి బండికి వాళ్ళే పోసుకోవాలి. ముందు పంపుకున్న మీటలో కార్డు పెట్టాలి, ఇంటి చిరునామా తాలూకు జిప్ కోడ్ నొక్కాలి, అప్పుడు గొట్టం పని చేస్తుంది. అబ్బాయి అవన్నీ చేసి గొట్టం పెట్టాడు. గాలను 4 డాలర్ల 89 సెంట్లు. అంకెలు గిర్రున తిరుగుతుంటే మా మనసులో రూపాయలు తిరుగుతున్నాయి. సరిగ్గా 100 డాలర్ల దగ్గర పంపు టక్కున ఆగిపోయింది. ట్యాంకు సగం దాటిందంతే.

అబ్బాయి కార్డు మళ్ళీ పెట్టాడు. ఈసారి తీసుకోలేదు. లోపల క్యాషియర్‌ను కలవమని తెర మీద వచ్చింది. ఇంకోసారి పెట్టాడు. అదే మాట. వాడు కోడలి వైపు తిరిగి నెమ్మదిగా, “లిమిట్ అయిపోయింది, ఇంక ఇవ్వదు. ఇది చాల్లే, పోదాం” అన్నాడు.

ఆ మాట మా చెవిన పడింది.

పాఠకులలో పెద్దవారికి చెప్పనక్కర లేదు. మా చిన్నతనంలో కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉండేది. సరుకులకు వెళ్ళినప్పుడు కొట్టాయన పుస్తకం తిరగేసి, “నాన్నగారిని పాతది జమకట్టి అప్పుడు రమ్మను” అని నలుగురి ఎదుట అంటే ఖాళీ సంచీతో ఇంటికి వచ్చేవాళ్ళము. లిమిట్ అయిపోయిందంటే మాకు తెలిసిన అర్థం అదొక్కటే. వీడి చదువుకు రెండెకరాల మాగాణి తాకట్టు పెట్టి, అది విడిపించుకోవడానికి ఆరేళ్ళు పట్టిన ఇల్లు మాది. మమ్మల్ని తిప్పడానికి అప్పు చేశాడా? ఈ బండి అద్దె ఎక్కడిది? ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మాట్లాడుకోవలసిన పని లేకపోయింది.

“ట్యాంకు నిండేదాకా మేము పోయిస్తాము” అన్నాము. కోడలు, “మీరెందుకు మామయ్యా, కోడీ ఊరి దాకా ఇది సరిపోతుంది” అంది. నిజంగానే సరిపోతుంది. కానీ ఆ మాట కూడా మాకు దాపరికంలాగే వినిపించింది. ఇక్కడ మన బ్యాంకులో డాలర్లు వేయించి తెచ్చుకున్న ప్రయాణపు కార్డు తీసి పంపుకు పెట్టాము. జిప్ కోడ్ అడిగింది. మన పిన్‌కోడ్ ఆరంకెలు, దానికి కావలసినవి అయిదు. ఏ అయిదు నొక్కినా ఒప్పుకోలేదు. విదేశపు కార్డులకు చాలా పంపుల దగ్గర ఇదే ఇబ్బంది.

చివరకు లోపలికి వెళ్ళి పంపు నెంబరు చెప్పి 125 డాలర్లకు మా కార్డు ఇచ్చాము. ట్యాంకు 105 డాలర్ల 60 సెంట్లకే నిండింది. మొత్తం మీద ఆ ఒక్క ట్యాంకుకు 205 డాలర్ల పైన అయింది, ఆనాటి మారకంలో పదహారు వేల రూపాయలు. మిగిలినది వెంటనే తిరిగి ఇస్తారనుకున్నాము. నోట్లు ఇచ్చి ఉంటే ఇచ్చేవారే. కార్డుకైతే కొన్ని రోజులకు అదే వచ్చేస్తుందని చెప్పింది అక్కడి అమ్మాయి. ఇది కూడా పోయిందిలే అనుకున్నాము.

సాయంత్రానికి కోడీ చేరాము. దారిలో విండ్ రివర్ లోయ ఎంతో అందంగా ఉంటుందట. మేము చూశామనే చెబుతున్నాము గాని, మాకు ఏమీ గుర్తు లేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక మాలో ఒకరికి నిద్ర పట్టలేదు, రెండోవారు పట్టినట్టు పడుకున్నారు. మా తిరుగు టిక్కెట్టు ముందుకు జరుపుకుంటే ఎంత మిగులుతుంది, ఊరి దగ్గరున్న స్థలం అమ్మితే ఎంత వస్తుంది అని గుసగుసగా లెక్కలు వేసుకున్నాము.

పొద్దున్న కాఫీ దగ్గర అడిగేశాము. “నీకు అప్పులున్నాయా నాయనా?”

వాడు ముందు నవ్వాడు. మా ముఖాలు చూసి ఆపేశాడు. తన ఫోను మా చేతికిచ్చాడు. ముందు రోజు మధ్యాహ్నం బ్యాంకు నుంచి వచ్చిన సందేశం అందులో ఉంది. ఈ కొనుగోలు మీరు చేస్తున్నదేనా, అవునో కాదో చెప్పండి అని. ఆ మైదానంలో సిగ్నల్ లేక రాత్రి కోడీ చేరాకగాని అది వాడికి అందలేదు. వాడు అప్పుడే అవునని జవాబిచ్చాడు, కార్డు పని చేయడం మొదలైంది. వాడికి అది అక్కడితో అయిపోయిన సంగతి.

అప్పుడు వాడు కూర్చుని విడమరచి చెప్పాడు. లిమిట్లు రెండు. మన కార్డు మీద బ్యాంకు ఎంత వరకు అప్పు ఇస్తుందో అది ఒకటి. పంపు ఒక్కసారికి ఎంత వరకు పోస్తుందో అది వేరొకటి. మొదటిదానికీ రెండోదానికీ సంబంధం లేదు. పంపులో కార్డు పెట్టేటప్పటికి మనం ఎంత పోసుకుంటామో దానికి తెలియదు కదా. అందుకని ముందుగా బ్యాంకును అడుగుతుంది. కొన్ని చోట్ల ఒక్క డాలరు అడిగి కార్డు మంచిదో కాదో చూసుకుంటుంది. కొన్ని చోట్ల పెద్ద మొత్తమే పక్కన కట్టి ఉంచమంటుంది. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు ఈ కట్టిపెట్టే మొత్తానికి ఉన్న గరిష్ఠ పరిమితిని 125 డాలర్ల నుంచి 175కు పెంచింది కూడా ఆ 2022లోనే, ధరలు పెరిగాయని. అయితే బంకు యజమాని తన పంపుకు ఇంతకంటె తక్కువ హద్దు పెట్టుకోవచ్చు. మేము ఆగిన చోట అది 100. కారుకు ఆ హద్దు తగలనే తగలదు. మోటార్ హోమ్‌కు ప్రతిసారీ తగులుతుంది. ఆ ఇబ్బందులన్నీ కార్లను చూసి పెట్టిన లెక్కల వల్లనే.

మరి రెండోసారి కార్డు ఎందుకు తీసుకోలేదు? దొంగిలించిన కార్డు పని చేస్తోందో లేదో చూసుకోవడానికి దొంగలు మొదట వెళ్ళేది పెట్రోలు పంపు దగ్గరికేనట. అక్కడ ముఖం చూసే మనిషి ఉండడు. ఇంటికి ఆరువందల కిలోమీటర్ల దూరంలో, ఒకే పంపు దగ్గర, నిమిషం తేడాలో రెండుసార్లు అదే కార్డు పెడితే బ్యాంకు యంత్రానికి అనుమానం వచ్చింది. వాడి డబ్బును కాపాడడానికే ఆపింది. మేమేమో వాడి దగ్గర డబ్బు లేక ఆపిందనుకున్నాము.

మా ముందే ఫోనులో లెక్క తెరిచి చూపించాడు. కార్డు లిమిట్‌లో నాలుగో వంతు కూడా వాడలేదు. మాకు ఊపిరి వచ్చింది. కోడలు మళ్ళీ కాఫీ పోసింది. అప్పుడు వాడు తల వంచుకుని ఇంకో మాట అన్నాడు.

“ఇప్పుడు లేదు నాన్నా. ఒకప్పుడు ఉంది.”

2020లో వాడికి అయిదు నెలలు ఉద్యోగం లేదట. ఇంటి అద్దె, పాప ఖర్చులు అన్నీ కార్డు మీదనే నడిచాయట. నెల నెలా కనీసపు మొత్తం కట్టుకుంటూ పోతే నూటికి ఇరవై దాకా వడ్డీ పడిందట. ఆ అయిదు నెలల్లో ప్రతి ఆదివారమూ మాకు ఫోను చేశాడు. పనెలా ఉందంటే బాగుందన్నాడు. ఒక పండుగకు మాకు డబ్బు కూడా పంపాడు. అది ఆ కార్డు నుంచే తీసి పంపాడని కోడలు చెప్పింది. ఆ డబ్బుతో మేము హాలుకు రంగులు వేయించాము.

మేమేమీ అనలేదు. ఏమనాలి? మేము కూడా తాకట్టు సంగతి వాడికి చదువు పూర్తయ్యేదాకా చెప్పలేదు. ఆ రోజు పార్కుకు రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరాము. జూన్ 13న వచ్చిన వరదలకు పార్కు కొన్నాళ్ళు మూతపడి అప్పటికి మళ్ళీ తెరిచారు. చూడవలసినవన్నీ చూశాము. అడవిదున్నలు రోడ్డుకు అడ్డంగా నిలబడితే అరగంట ఆగాము. ఈసారి అన్నీ గుర్తున్నాయి.

పిల్లల దగ్గరికి వెళ్ళబోయేవారికి, అక్కడ ఇలాంటి బండి అద్దెకు తీసుకునే పిల్లలున్నవారికి మా అనుభవం నుంచి కొన్ని మాటలు. ట్యాంకు బాగా తగ్గకముందే పోయించుకుంటే పంపు హద్దు అడ్డు వచ్చే అవకాశం తక్కువ. అంతకంటె ఎక్కువ కావాలంటే పంపు దగ్గర కుస్తీ పట్టకుండా నేరుగా లోపలికి వెళ్ళి మొత్తం చెప్పి ముందే కట్టేయడం మేలు. కొంచెం తక్కువ చెబితే వెనక్కి రావలసిన బాకీ ఉండదు. వేరే బ్యాంకుది రెండో కార్డు ఉండాలి. డెబిట్ కార్డు గాని, మాది లాంటి ప్రయాణపు కార్డు గాని పంపులో పెడితే కట్టిపడేది మన సొంత డబ్బే, అది విడుదలయ్యేదాకా మందుకైనా మాకైనా అక్కరకు రాదు. క్రెడిట్ కార్డైతే బ్యాంకు ఇచ్చే అప్పులోంచి కట్టిపడుతుంది. బండి నడిపేవారు పోసుకునే ముందు ఫోనుకు సిగ్నల్ ఉందో లేదో చూసుకోవడం కూడా మంచిది. ఇది మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో డబ్బు కట్టే పని అబ్బాయి మాకే అప్పగించాడు. లోపలికి వెళ్ళి పంపు నెంబరు, మొత్తం చెప్పి వచ్చేవాళ్ళము. ఒకచోట సరిగ్గా 125 దగ్గర పంపు ఆగితే మనవరాలు కిటికీలోంచి, “తాతయ్యా, లిమిట్ అయిపోయింది!” అని కేక పెట్టింది. అక్కడున్న వాళ్ళందరూ మా వైపు చూశారు.

మా కార్డులో ఇరుక్కున్న 19 డాలర్ల 40 సెంట్లు మేము డెన్వర్ చేరిన రోజు వెనక్కి వచ్చాయి.