ఇది సఫారీ పార్కు కాదు, కారు దిగకండి

ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్, పెంచికల్‌పేట్, సిర్పూర్ రోడ్ల మీద ఈ ఆదివారం పులి కనబడుతుందేమోనని దోస్తులతో కారేసుకుని బయలుదేరాలనుకుంటున్న వాళ్ళకు ఒక మాట. వెళ్ళకండి. వేరే పని మీద పోతుంటే దారిలో పులి అడ్డం వచ్చిందా, కారు దిగకండి, దాని వెంట పడకండి. చలి మొదలై పత్తి ఏరుడు జోరందుకున్నాక ఈ మాట చెప్పడం ఒక్క రోజు ఆలస్యమైనా ప్రమాదమే.

ప్రతి చలికాలం అదే తంతు చూస్తున్నాం. రోడ్డు దాటుతున్న పులిని ఎవరో ఫోన్‌లో తీస్తారు. గంటలో ఆ వీడియో జిల్లా దాటుతుంది. సాయంత్రానికల్లా అదే మూలమలుపు దగ్గర బైకులు, కార్లు ఆగి ఉంటాయి. ఒకరు హారన్ కొడతారు, ఒకరు లైట్లు కొడతారు, ఇంకొకరు ఫోటో బాగా రావాలని నాలుగడుగులు ముందుకేస్తారు. జోడేఘాట్ చూసి, కెరమెరి ఘాట్ దిగి, మిట్టె జలపాతం దగ్గర వండుకు తిని, చీకటి పడ్డాక ‘అట్ల అడవి దారిలోంచి పోదాం’ అనుకునే గుంపులూ ఉన్నాయి. పులిని చూడాలన్న కోరికలో తప్పేం లేదు. ఎక్కడ చూడాలనుకుంటున్నాం, ఎట్లా చూడాలనుకుంటున్నాం అన్నదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ జిల్లాలో పులి చంపిన వాళ్ళను ఒక్కసారి తలుచుకోండి. 2020 నవంబరులో దహెగాం మండలం దిగిడ దగ్గర ఒక ఆదివాసీ యువకుడు. అదే నెలాఖరున పెంచికల్‌పేట్ మండలం కొండపల్లిలో పత్తి ఏరుతున్న అమ్మాయి. 2022 నవంబరులో వాంకిడి మండలంలో పత్తి చేన్లో ఉన్న ముసలి రైతు. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలం గన్నారంలో పత్తి ఏరడానికి పోయిన 21 ఏళ్ళ యువతి. ఆ మర్నాడే సిర్పూర్ మండలంలో ఇంకో రైతు పులి పంజా దెబ్బ తిని చావు తప్పించుకున్నాడు. నెల చూడండి, చోటు చూడండి. నాలుగు చావులూ నవంబరులోనే. వీళ్ళలో ఎవరూ పులిని చూడాలని పోలేదు.

సఫారీ పార్కు అంటే ఏమిటో ముందు తెలియాలి. హైదరాబాద్ నెహ్రూ జూలో సింహాల సఫారీకి వెళ్ళిన వాళ్ళకు తెలుసు. బండికి చుట్టూ ఇనుప జాలీ ఉంటుంది. ఒక గేటు మూసుకున్నాకే రెండో గేటు తెరుస్తారు. లోపలి జంతువుకు వేళకు మాంసం పెడతారు, రాత్రయితే గదిలోకి తోలుతారు. ఆ బండిని, ఆ వాసనను అది బాగా ఎరుగును. ఇన్ని ఏర్పాట్లున్న చోట కూడా మనిషి హద్దు దాటితే ఏమవుతుందో లోకం చూసింది. 2016లో బీజింగ్ దగ్గరి బాడాలింగ్ పార్కులో పులుల మధ్య సొంత కారు ఆపి ఒక మహిళ కిందికి దిగింది. పులి ఆమెను ఈడ్చుకుపోయింది. కాపాడదామని కారు దిగి ఉరికిన తల్లి చచ్చిపోయింది. దిగిన మనిషి బతికింది, కన్నతల్లి పోయింది. 2015లో దక్షిణాఫ్రికాలోని ఒక లయన్ పార్కులో కారు అద్దం దించి ఉంచినందుకు ఒక పర్యాటకురాలు సింహం నోట పడింది. మనకు దగ్గర్లోనే, 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఉన్న ఎన్‌క్లోజర్‌లోకి దూకిన మనిషి కొద్ది నిమిషాల్లో శవమయ్యాడు. 2025 ఆగస్టులో బెంగళూరు బన్నేరుఘట్ట సఫారీలో జీపు కిటికీలోంచి చిరుతపులి ఒక పిల్లవాడి చేతిని గాయపరిచింది.

అక్కడ జాలీ ఉంది, గేటుంది, కాపలా ఉంది. పెంచికల్‌పేట్ రోడ్డు మీద వీటిలో ఏదీ లేదు. బైకు మీద పోయేవాడికైతే కారు అద్దం కూడా లేదు.

పైగా ఇక్కడ మనకు ఎదురయ్యే పులి ఎట్లాంటిదో ఆలోచించాలి. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా తడోబా అడవుల్లో పులులు ఎక్కువయ్యాయి. ఎదిగిన మగపిల్లను అక్కడి పెద్ద మగపులి ఉండనివ్వదు. అది కొత్త జాగా వెతుక్కుంటూ నదులు దాటి మన వైపు వస్తుంది. 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించిన కవ్వాల్‌కు, తడోబాకు మధ్య దారి ఈ కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ అడవులే. కొన్ని ఇక్కడే నిలిచాయి. ఫాల్గుణ అని పేరు పడ్డ ఆడపులి ఈ అడవుల్లోనే పిల్లల్ని పెట్టింది. కానీ దారిన పోయే కుర్రపులికి ఈ చోటు కొత్త. ఎక్కడ నీళ్ళున్నాయో, ఎక్కడ ఊరుందో, ఏ చేన్లో మనుషులున్నారో దానికి తెలియదు. రాత్రి మైళ్ళకు మైళ్ళు నడుస్తుంది. మెత్తటి పాదాలకు ముళ్ళ పొదల కన్నా బండ్ల బాట హాయి కాబట్టి రోడ్డెక్కుతుంది. ఆకలి మీద ఉండొచ్చు, దెబ్బ తిని ఉండొచ్చు. ఆడపులైతే వెనక పొదలో పిల్లలుండొచ్చు. కారులోంచి చూసే మనకు ఇవేవీ కనబడవు.

అట్లాంటి పులి ముందూ వెనకా బండ్లు పెట్టి హారన్లు కొడితే అది ఏం చేస్తుంది? రోడ్డు వదిలి పక్కకు దూకుతుంది. ఈ జిల్లాలో రోడ్డు పక్క అంటే చాలా చోట్ల పత్తి చేనే. నడుమెత్తు పెరిగిన పత్తిలో పులి పడుకుంటే పది గజాల దూరంలో ఉన్న మనిషికి కూడా కనబడదు. మనం వీడియో తీసుకుని మంచిర్యాలకో కరీంనగర్‌కో వెళ్ళిపోతాం. పొద్దున ఆ చేన్లోకి ఒడిసంచి కట్టుకుని వంగేది ఎవరు? వంగి ఉన్న మనిషి పులి కంటికి మనిషిలా కాక నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తాడని అడవి ఎరిగినవాళ్ళంతా చెప్పేదే. పులి వెనక నుంచి వస్తుందనే గన్నారం ఘటన తర్వాత కూలీలకు తల వెనక కట్టుకునే మాస్కులు పంచారు. పొద్దున పదింటి తర్వాతే చేన్లోకి పోయి, నాలుగింటికల్లా ఇల్లు చేరమన్నారు. ఆ మాట వింటే సగం పూట కూలి పోతుంది, వినకపోతే ప్రాణభయం. తల వెనక బొమ్మ ముఖం తగిలించుకుని పత్తి ఏరుతున్న ఆడవాళ్ళున్న ఊళ్ళ పక్కన మనం సరదాకి పులిని రెచ్చగొట్టడం ఎంతటి అన్యాయమో చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు.

కాబట్టి దారిలో పులి కనబడితే దూరంగానే బండి ఆపండి. అద్దాలు పైకెత్తండి. హారన్ వద్దు, లైట్లు ఆర్పి వెలిగించొద్దు, కేకలు అసలే వద్దు. అది దాటిపోయేదాకా ఆగండి. దాటిన వెంటనే కూడా కదలొద్దు, వెనక పిల్లలు రావచ్చు. బైకు మీద ఉంటే ఇంకా దూరంలోనే ఆగి, దాని మీంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా వెనక్కి జరగండి. పరుగెత్తితే అది తరుముతుంది. కిందికి వంగకండి. ఒంటరిగా ఉన్నవాళ్ళు వెనక వచ్చే బండి కోసం ఆగి, కలిసి కదలండి. చెవులు వెనక్కి వాల్చి తోక కొడుతూ గుర్రుమంటోందంటే అది ఇక ఓర్చుకోలేని స్థితిలో ఉన్నట్టు. ఆ క్షణంలో చేతిలో ఫోన్ ఉండకూడదు.

పులి పేరు చెప్పి చీకట్లో అడవి అంచున దిగేవాళ్ళకు పులి కన్నా ముందు పొంచి ఉన్న చావు ఇంకొకటుంది. అడవి పందుల కోసమని దొంగతనంగా పరిచే కరెంటు తీగలు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లాలో అట్లాంటి తీగ మీద కాలుపడి ఒక గ్రేహౌండ్స్ జవాను చనిపోయాడు. అడవిలో నడవడంలో శిక్షణ పొందినవాడికే ఆ తీగ కనబడలేదు. 2025 మేలో పెంచికల్‌పేట్ అడవుల్లో పులి కూడా ఇట్లాగే కరెంటుకు బలైంది.

ఇక ఫోన్ల సంగతి. పులి వీడియోకు ఊరి పేరు, మలుపు పేరు చేర్చి గ్రూపుల్లో పెట్టడం ఆపండి. దాన్ని చూసేది మనలాంటి వాళ్ళే కాదు, వేటగాళ్ళూ చూస్తారు. పశువు పోయిందని కడుపు మండిన వాళ్ళూ చూస్తారు. 2024 జనవరిలో దరిగాం అడవుల్లో రెండు పులులు రెండు రోజుల తేడాతో చచ్చి కనబడ్డాయి. పశువు కళేబరానికి విషం పెట్టడం వల్లేనని తర్వాత తేలింది. కనబడిన చోటు చెప్పాల్సింది బీట్ ఆఫీసర్‌కు, పక్క ఊరి సర్పంచుకు, ఆ దారిలో రేపు చేనుకు పోయే వాళ్ళకు. ఆ కబురు వాళ్ళకు ఎంత త్వరగా అందితే అంత మేలు.

సరదాకి చేశామంటే చట్టం ఊరుకోదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో చంపడం, పట్టడమే కాదు, తరమడం కూడా వేటే. మొదటి షెడ్యూలులో ఉన్న పులి విషయంలో శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు. మన వీడియోనే మన మీద సాక్ష్యం అవుతుంది.

అధికారులకూ చెప్పాల్సింది ఉంది. పులి తిరుగుతున్నట్టు తెలిసిన దారుల్లో సాయంత్రం నుంచి పొద్దున దాకా మనిషిని పెట్టి బండ్లు ఆగకుండా చూడాలి. ఎవరైనా చనిపోయాక నిషేధాజ్ఞలు పెట్టడం కాదు, నవంబరు రాకముందే పెట్టాలి. జోడేఘాట్‌కు, జలపాతాలకు వచ్చేవాళ్ళకు దారి మొదట్లోనే తెలుగులో, గోండీలో, మరాఠీలో బోర్డులుండాలి. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి రెండు ముక్కలు చెప్పడానికి పెద్ద ఖర్చేం కాదు.

అడవిని చూడాలనుకునే వాళ్ళకు జన్నారంలో అటవీశాఖ సఫారీ ఉంది. వాళ్ళ బండిలో, వాళ్ళు చెప్పిన వేళకు, దారి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని పోవచ్చు. చుక్కల దుప్పులు, అడవి దున్నలు, నెమళ్ళు కనబడతాయి. పులి కనబడకపోవచ్చు. ఇప్పటికే బండి మాట్లాడుకుని కాగజ్‌నగర్ వైపు బయలుదేరాలనుకుంటున్న దోస్తులుంటే ఈ రాత్రే వాళ్ళకు ఫోన్ చేసి ఆపండి.